మేనేజరు గారి బదిలీ

అరసవల్లికి జనం వచ్చేది ఒంటి మీది దురదను సూర్యనారాయణమూర్తి పాదాల దగ్గర వదిలేసి పోదామని. మచ్చలున్నవాళ్ళు, పొక్కులున్నవాళ్ళు, ఏ మందుకూ లొంగని తామర ఉన్నవాళ్ళు, అందరూ ఆదివారం పూట తలంటు పోసుకుని, పిడకల మీద పరమాన్నం వండి ఆయనకు పెట్టి, తేలికపడ్డ ఒంటితో ఇంటికి పోతారు. అలాంటి ఊళ్ళో, గుడికి కూతవేటు దూరంలో ఉన్న జగన్నాధం లాడ్జిలో దిగినవాళ్ళు మాత్రం లేని దురద తెచ్చుకుని పోతున్నారు. వైద్యుడి అరుగు మీద కూర్చున్నవాడికి జ్వరం తగులుకున్నట్టు ఉంది వ్యవహారం. ఎవరితో చెప్పుకుంటారు?

లాడ్జి బోర్డు మీద వేరే పెద్ద పేరే ఉంది గానీ అది రాయించినవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆటోవాళ్ళందరికీ అది జగన్నాధం లాడ్జే. కింద మూడు గదులు, పైన మూడు గదులు, మధ్యలో మెట్లు. జగన్నాధం ఆర్టీసీలో ఇరవై ఆరేళ్ళు కండక్టరుగా చేశాడు. ఉద్యోగం అయిపోయినా ఊతపదం అయిపోలేదు. ఏ వాదన మధ్యలోనైనా ఆయన "రైట్" అన్నాడంటే బండి కదిలిపోయినట్టే. కదిలిన బండిని ఆపే దమ్ము ఆ ఇంట్లో ఒక్క ఈశ్వరికే ఉంది. ఆవిడ ఆయనకు భార్య, అంతకుముందు మేనమామ కూతురు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయినా బావ అనే పిలుస్తుంది, కోపం వచ్చినప్పుడు మరీ గట్టిగా పిలుస్తుంది.

మొన్న దసరాకి జగన్నాధానికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పరమాన్నం వండుకోవడానికి భక్తులు పిడకల కోసం బజారంతా తిరుగుతున్నారు కదా, మన లాడ్జిలో దిగినవాళ్ళకి మనమే పిడకలిస్తే? ఇచ్చేదేదో ఊరికే ఇస్తే? వెంటనే ఒక అట్టముక్క మీద 'ఆవు పిడకలు ఉచితం' అని ఎర్రరంగుతో రాసి గుమ్మానికి వేలాడదీశాడు. పిడకల బస్తాలు మెట్ల కింద పేర్చాడు. శనివారం సాయంత్రం అయ్యేసరికి స్వయంగా చిన్న గోనెసంచుల్లో పిడకలు నింపి, గదికొక సంచి చొప్పున మోసుకెళ్ళి, మంచం పక్కన పెట్టి వచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ సంచులు తెచ్చి మళ్ళీ మెట్ల కిందే పడేసేవాడు. ఆ సంచి పట్టుకుని గదిలోకి పోయేటప్పుడు ఆయన నడక చూడాలి, పెళ్ళికి సారె మోస్తున్నట్టు ఉండేది.

ఇక మేనేజరు. నాలుగేళ్ళ కిందట ఒక తుపాను రోజున, ఆటోస్టాండు దగ్గర పిడికెడంత ఉండి వణుకుతుంటే, ఈశ్వరి కొంగులో చుట్టుకుని తెచ్చిన కుక్క అది. గోధుమరంగు ఒళ్ళు, మెడ చుట్టూ కండువా వేసినట్టు తెల్లటి పట్టీ. మొదట్లో ఏదో పేరు పెట్టారు. కానీ అది చేసే పని చూసి దిగినవాళ్ళే మేనేజరు అనడం మొదలుపెట్టారు. పగలంతా కౌంటరు పక్కన కూర్చుంటుంది. ఎవరైనా సంచీతో లోపలికి రాగానే లేచి, ఒళ్ళు విరుచుకుని, తాళం ఎవరి చేతికి వెళ్ళిందో చూసుకుని, వాళ్ళ ముందు నడిచి గది గుమ్మం దాకా దిగబెట్టి వస్తుంది. నిద్రొస్తే మెట్ల కిందికి పోయి పిడకల పక్కన గోనెల మీద ముడుచుకుంటుంది. పిల్లల్లేని ఈశ్వరికి అది ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అది కౌంటరు పక్కన లేకపోతే ఆవిడకు ఇంట్లో దీపం పెట్టనట్టు ఉంటుంది.

కార్తీకం వెళ్ళేసరికి ఈ మేనేజరుకు గోకుడు పట్టుకుంది.

అతిథికి ఎదురెళ్తూ మధ్యలో ఆగి, కూలబడి, వెనక్కాలితో చెవి కింద టకటకా గోక్కుని, అప్పుడు మళ్ళీ నడిచేది. ఈశ్వరి ఊరుకోలేదు. వేపాకు మరగబెట్టి పోసింది. పసుపూ వేపనూనే కలిపి పట్టించింది, మేనేజరు రెండురోజులు పెళ్ళికొడుకులా పచ్చగా తిరిగింది. మందులషాపువాడిచ్చిన పౌడరు జల్లింది, మెడకు మందుపట్టీ కట్టింది, ప్రతి బుధవారం నురగొచ్చేలా సబ్బు రుద్దింది. ఏం చేసినా రెండురోజులు హాయి. మూడోరోజు పొద్దున్నే వెనక్కాలు మళ్ళీ పైకి లేచేది.

చివరికి ఆటో ఎక్కించి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు సుహాసిని విజయనగరం పిల్ల, చిన్నవయసు, నెమ్మదస్తురాలు. మేనేజరును తెల్లకాగితం మీద నిలబెట్టి సన్నపళ్ళ దువ్వెనతో దువ్వింది. నల్లటి నలుసులు రాలాయి. వాటి మీద ఒక నీటిచుక్క వేసింది. చుక్క ఎర్రగా మారింది.

"చూశారా అమ్మా, ఇది దీని రక్తమే. తాగి రెట్ట వేస్తున్నాయి. ఇవి గోమార్లు కావు. గోమారి పట్టుకుంటే కదలదు, ఇవి గెంతుతాయి. కుక్కపేలు."

"మందేస్తే సస్తన్నాయమ్మా. మల్లీ ఎక్కడినుంచి వస్తన్నాయో తెల్దు."

"ఒంటి మీద కనిపించేవి కొంచెమే. గుడ్లూ పిల్లలూ అన్నీ అది పడుకునే చోట ఉంటాయి. కుక్కకి మాత్ర ఇస్తాను, నెల పనిచేస్తుంది. కానీ దాని పక్క ఉతికి ఎండలో వెయ్యాలి, లేకపోతే ఇల్లు ఖాళీ అవదు."

"దానికి పక్కేటమ్మా! మెట్ల కింద పిడకల కాడ తొంగుంటాది. శుద్ధైన జాగా. పేడున్నకాడ పురుగు సేరదు గదా!"

డాక్టరు ఏదో అనబోయింది. అంతలో నలుగురు మనుషులు ఒక గేదెను తోసుకుంటూ లోపలికి వచ్చారు. గేదె ముందు కుక్కకేం విలువ? మాట అక్కడ తెగిపోయింది, ఈశ్వరి మాత్ర పట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ వారమే బొబ్బిలి నుంచి ఫోను వచ్చింది. భావనారాయణ మాష్టారు, రిటైరైన తెలుగు పండితుడు, మూడో నంబరు గదిలో రెండురోజులు ఉండి వెళ్ళినాయన.

"జగన్నాధం గారూ, ఏం చెప్పమంటారు స్వామి మహిమ! మీ గదిలో దిగిన రాత్రే ఒళ్ళంతా ఒకటే దురద. నాకెప్పుడూ లేదు. అంటే ఒంట్లో అణిగి ఉన్న దోషమంతా పైకి లాగాడన్నమాట! ఇంటికి చేరిన రెండోరోజుకి మచ్చుకైనా లేదు. రథసప్తమికి మళ్ళీ వస్తాను, ఆ గదే ఉంచండి."

జగన్నాధం ఫోను పెట్టేసి మీసం దువ్వుకున్నాడు. "ఇన్నావేటే? మన గదిలో దోసం పైకొస్తాదట. బోర్డు మీద రాయించీమంటావా?"

"రాయించు బావా, రాయించు. 'పిడకలు ఉచితం, పేలు ఉచితం' అని రాయించు," అంది ఈశ్వరి. నవ్వింది గానీ ఆవిడకు లోపల చివుక్కుమంది. దేవుడి ఖాతాలో కుక్కపేలను వేసేసి సుఖంగా నిద్రపోయే మనిషి కాదు ఆవిడ.

ఆ నవ్వు కూడా వచ్చే ఆదివారం దాకానే. సాలూరు నుంచి వచ్చిన ఒక జంట, చంటిపిల్లతో, ఒకటో నంబరులో దిగారు. పొద్దున్న ఆ తల్లి పిల్లను ఎత్తుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది. పిల్ల పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు. ఆ అమ్మాయి కేకలు వేయలేదు. "కుక్కని లోపల తిప్పుతన్నారు కదండీ, సంటిపిల్లలు దిగుతారని సూసుకోవాలి కదండీ," అని మాత్రం అంది. తిట్టి ఉంటే ఈశ్వరి నాలుగు మాటలు తిరిగి అని ఉండేది. అలా మెల్లగా అనేసరికి సిగ్గుతో చచ్చిపోయింది.

వాళ్ళు వెళ్ళిపోయాక జగన్నాధం గోడకున్న క్యాలెండరు ముందు నిలబడ్డాడు. రథసప్తమి ఇంకా ఇరవై రెండు రోజులు. ఆ రోజు ఊరు ఊరంతా జనం, ముందురోజు సాయంత్రానికే ఆరు గదులూ నిండుతాయి. వచ్చేవాళ్ళలో ఎంతమంది చంటిపిల్లలు!

"మేనేజర్ని బదిలీ సేసెస్తన్నాను. పాతపట్నం. మీ తమ్ముడి జీడితోటకి కాపలా కావాలన్నాడు కదా, రేపు వేను అట్టుకుని రమ్మన్నాను."

"బావా! మాత్ర ఏసాను కదా. మొన్నటినుంచి అది గోక్కోడం నేదు, నువ్వూ సూత్తన్నావు."

"అది గోక్కోడం నేదు, జనం గోక్కుంటన్నారు. ఆ పిల్ల కాల్లు సూసావా నేదా?"

చూసింది. అయినా, "ఒక్క మాట సెప్పు. అది ఎల్లినాక కూడా దురద తగ్గకపోతే?" అంది.

"తగ్గకపోతే నానే ఎల్లి తెస్తాను. ఆ సూర్యనారాయణమూర్తి సాచ్చి. తగ్గిందా, అది ఆడే ఉంటాది. మల్లీ ఆ మాట ఎత్తకూడదు. రైట్."

సోమవారం పొద్దున్నే తమ్ముడు ధనరాజు వేనుతో దిగాడు. మేనేజరు లేచి, ఒళ్ళు విరుచుకుని, ధనరాజు చేతిలో తాళం ఉందేమోనని చూసింది. ఉన్నది వేను తాళం. సరే అనుకున్నట్టు ఆయన ముందు నడిచి వేను దాకా దిగబెట్టింది. ముందు సీటు తలుపు తీస్తే ఎక్కి కూర్చుంది కూడా. ప్రమోషన్ మీద పోతున్న ఉద్యోగిలా ఛాతీ విరుచుకుని కూర్చున్న దాన్ని చూసి ఈశ్వరికి దుఃఖం ఆగలేదు.

"అప్పా, ఊరుకో. నాకాడ అన్నానికి లోటా?" అని అక్కను ఓదార్చాడు ధనరాజు.

"పెరుగన్నం తినదురా. పాలన్నం ఎట్టు. ఉరుము ఉరిమితే బయమేస్తాది, లోపలికి రానియ్యి." ఇంకా ఏదో చెబుతూనే ఉంది, వేను మలుపు తిరిగిపోయింది. లోపలికొచ్చి కౌంటరు పక్కన ఖాళీ చూసి, ఆ పూట అన్నం తినలేదు.

మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. రథసప్తమికి ముందు వారాలు కదా, మధ్య రోజుల్లో గదులన్నీ ఖాళీ. గురువారం ఈశ్వరి పెరట్లోకి పోతూ ఒక వింత చూసింది. జగన్నాధం దొడ్డిగుమ్మానికి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, పైకీ కిందికీ రుద్దుకుంటున్నాడు. గేదెలు రాటకు రుద్దుకుంటాయే, అచ్చం అలాగే.

"ఏటి బావా?"

"ఏటీ నేదు. సలికాలం కదా, ఒళ్ళు పొడారింది." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వెంటనే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఈశ్వరి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేనేజరు వెళ్ళాక ఆవిడ నవ్వడం అదే మొదలు. మొగుడికి దురద పుట్టిందని ఇంత సంతోషించిన ఇల్లాలు ఆ ఊళ్ళో ఇంకొకరు ఉండరు.

శుక్రవారం ఆయన ఒంటికి కొబ్బరినూనె రాసుకున్నాడు. శనివారం తెల్లారకుండా స్నానం చేసి గుడికి పోయాడు. ఇరవై ఏళ్ళుగా గుడి పక్కనే ఉండి, పండక్కి తప్ప గడప తొక్కని మనిషి! తిరిగొచ్చి ప్రసాదం ఈశ్వరి చేతిలో పెడుతూ కూడా ఒక పాదంతో రెండో పిక్క రుద్దుకుంటున్నాడు. ఆ సాయంత్రం మామూలుగా మెట్ల కింద గొంతుక్కూర్చుని గోనెసంచుల్లోకి పిడకలు నింపాడు, గదికొకటి మోశాడు. ఆదివారం మధ్యాహ్నానికి దిగినవాళ్ళలో ముగ్గురు గోక్కుంటూ తాళాలిచ్చి వెళ్ళారు. ఆ ముగ్గురూ కౌంటరు వైపు చూసే చూపుకి జగన్నాధం తలెత్తలేకపోయాడు.

ఇక ఈశ్వరి ఆగలేదు. సోమవారం పొద్దున్నే సుహాసిని డాక్టరుకు ఫోను చేసింది. కుక్క లేదు, మాత్ర వేసి పంపింది, అయినా జనం గోక్కుంటున్నారు, ఎక్కడున్నాయో తెలిసేది ఎలా అని అడిగింది. డాక్టరు ఒక చిన్న ఉపాయం చెప్పింది.

పదకొండు గంటలకు జగన్నాధం బజారు నుంచి వచ్చేసరికి లాడ్జి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పట్టపగలు చీకటి. ఒకటో నంబరు తలుపు తీస్తే నేల మీద పళ్ళెం, పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళ మధ్య ప్రమిదలో వెలుగుతున్న దీపం. రెండో గదిలోనూ అంతే. మెట్ల కిందా అంతే. ఆయన చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

"ఏటే ఈశ్వరీ, ఇదేటి పూజ?"

"పేల పూజ. ఆ నీల్లల్లో సబ్బు కలిపాను. దీపం యేడికి గెంతుతాయట. గెంతితే ములిగిపోతాయట. కూకో, గంటాగి సూద్దాం."

ఇద్దరూ గంటసేపు మెట్ల మీద కూర్చున్నారు. ఆ గంటలో ఆయన తొమ్మిదిసార్లు గోక్కున్నాడు, ఈశ్వరి లెక్కపెట్టింది. తర్వాత పళ్ళాలు ఒక్కొక్కటే వెలుతురులోకి తెచ్చింది. ఒకటో గదిలో నాలుగు, మూడో గదిలో ఏడు, పైన ఒక గదిలో రెండు, ఒక గదిలో అసలు లేవు. మెట్ల కింది పళ్ళెం తీసేసరికి మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. నీళ్ళ మీద నువ్వులు పోసినట్టు ఉంది.

ఈశ్వరి మెట్ల కింది నుంచి ఒక ఖాళీ గోనెసంచి రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, పెరట్లో తెల్లదుప్పటి పరిచి, దాని మీద ఫెడీమని కొట్టింది. దుప్పటి మీద నల్లటి చుక్కలు రాలాయి. రాలినవి రాలినట్టు ఉండలేదు, గెంతాయి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరి పట్టింది.

జగన్నాధం సంచి వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు, గదుల వైపు చూశాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు టికెట్ లేనివాళ్ళను ఒక్క చూపుతో పట్టిన మనిషి, తన సంచుల్లో టికెట్ లేకుండా ఎన్ని వేలమంది ఎక్కారో అప్పుడు చూశాడు.

"పేడలో పురుగు సేరదు కదే..." అన్నాడు.

"నానూ అదే అనుకున్నాను బావా. పిడకలో సేరనేదు. గోనెలో సేరాయి. అది గోనె మీద తొంగుంటే గోనెలో గుడ్లెట్టాయి. ఆ గోనెలే నువ్వు గదిగదికీ మోసావు. నాను సూత్తా ఊరుకున్నాను." తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు తన వంతు తనే తీసుకుంది.

డాక్టరుకు మళ్ళీ ఫోను చేసి, ఇద్దరికీ వినపడేలా పెట్టింది.

"అందుకే అమ్మా, ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువ కుడుతున్నాయి," అంది సుహాసిని. "వాటికి కుక్క రక్తమే ఇష్టం. కుక్క ఉన్నన్నాళ్ళూ దాన్నే తిన్నాయి, మనుషుల జోలికి తక్కువే వచ్చాయి. ఇప్పుడు అది లేదు, ఆకలి మీద ఉన్నాయి. మీ అందరి వంతూ ఇన్నాళ్ళూ అదే మోసింది."

ఫోను ఆగిపోయాక ఈశ్వరికి మేనేజరు చెవి కింద వెనక్కాలితో టకటకా గోక్కునే చప్పుడు గుర్తొచ్చింది. నోరులేని జీవి, ఇంటిల్లిపాది దురదా తనొక్కటే గోక్కుంది. దాన్నేమో ఊరవతలకి పంపేశారు. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి.

జగన్నాధం భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. మాట ఇచ్చినవాడు కదా. "నానే ఎల్లి తెస్తానన్నాను. రైట్," అన్నాడు. ఈసారి ఆ మాట మెల్లగా, ఎవరినో క్షమాపణ అడుగుతున్నట్టు వచ్చింది. పాతపట్నం బస్సుకి పరిగెత్తాడు.

ఆయన అటు పోగానే ఈశ్వరి కొంగు బిగించింది. గోనెలన్నీ పెరట్లో కుప్పవేసి నిప్పంటించింది. పిడకలు డాబా మీద పరిచింది. ఆరు గదుల పరుపులూ, తలగడలూ, జంపఖానాలూ ఇద్దరు కూలీల చేత మీదికి మోయించి ఎండలో వేసింది. దుప్పట్లు కాగులో సలసలా మరిగించింది. మెట్ల కింద మూలమూలా ఊడ్చి, డాక్టరు చెప్పిన మందు కొట్టించింది. ఆ రోజు పుష్యమాసపు ఎండ చుర్రుమని కాసింది. డాబా మీద నిలబడి గుడిగోపురం వైపు చూసి, "తండ్రీ, దోసం పైకి తెచ్చింది నువ్వు కాదులే. ఇప్పుడు మాత్రం నీ పనే. ఎండ తగ్గనీకు," అంది. ఎన్నాళ్ళకో ఒళ్ళు అలిసేలా పనిచేస్తుంటే ఆవిడకు పాట పాడాలనిపించింది, పాడింది కూడా.

సాయంత్రం ధనరాజు ఫోను చేశాడు. నవ్వుతో మాట రావడం లేదు.

"అప్పా, బావని సూసి మేనేజరు లెగనేదు. మొకం అటు తిప్పుకుని తొంగున్నాది. బావ మట్టిలో కూకుని గంటనుంచి బతిమాలతన్నాడు. 'నాదే తప్పురా బాబూ, ఇంటికి రారా' అంటన్నాడు."

"అలాగే బతిమాలమను. బేగి లొంగొద్దని దానికి నా మాటగా సెప్పు."

పాలన్నం తన చేత్తో కలిపి పెడితే గానీ అది లేవలేదట. మర్నాడు పొద్దున్న బస్సెక్కబోతే ఇంకో తమాషా. ఆ కండక్టరు ఒకప్పుడు జగన్నాధం దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. "కోడిపిల్లని కూడా ఎక్కనియ్యొద్దని నేర్పింది మీరే కదా సారూ," అని చేతులు జోడించి, రైట్ కొట్టి పోయాడు. చివరికి ధనరాజు వేనే గతి అయింది.

మధ్యాహ్నం వేను లాడ్జి ముందు ఆగింది. ముందు సీట్లో జగన్నాధం, ఆయన ఒళ్ళో మేనేజరు. నాలుగేళ్ళలో ఆయన దాన్ని ఎత్తుకోవడం ఈశ్వరి చూడలేదు. తలుపు తీయగానే మేనేజరు ఒక్క గెంతులో ఆవిడ మీద పడింది. మొహం నాకింది, చుట్టూ తిరిగింది, మళ్ళీ నాకింది. ఈశ్వరి మెట్టు మీదే కూలబడి దాని చెవుల వెనక, మెడ కింద, పొట్ట మీద బొచ్చు విడదీసి చూసింది. మాత్ర పని చేస్తూనే ఉంది. ఒక్క నలుసు లేదు. శుభ్రంగా మెరిసిపోతోంది.

జగన్నాధం వెనకాలే వీపు గోక్కుంటూ గుమ్మంలోకి అడుగు పెట్టబోయాడు.

"ఆగు బావా! ఆడే ఆగు."

"ఏటే?"

"మేనేజరు కాడ ఒక్క పేను నేదు. ఓనరు కాడే ఉన్నాయి. దాన్ని లోపలికి రానిస్తాను. నువ్వు దొడ్డిదారిన ఎల్లి, ఆ బట్టలు కాగులో పడేసి, తలంటు పోసుకుని రా. వేపాకు మరగబెట్టి ఉంచాను."

ధనరాజు వేను మీద వాలిపోయి నవ్వాడు. పక్క కొట్టులో పువ్వులమ్మి నవ్వింది. జగన్నాధం కోపంగా మొహం పెట్టబోయి, పెట్టలేక, తనూ నవ్వేసి దొడ్డిదారి పట్టాడు. ఈశ్వరి స్వయంగా వేపనీళ్ళు పోసి, మేనేజరుకు రుద్దే సబ్బుతోనే ఆయన వీపు రుద్దింది. మేనేజరు కాస్త దూరంగా కూర్చుని ఆ స్నానమంతా శ్రద్ధగా చూసింది.

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. గూడు కట్టుకుని నేల సందుల్లో దాగిన పిల్లపేలు పదిరోజులకు మళ్ళీ బయటికి వస్తాయని డాక్టరు ముందే చెప్పింది, వచ్చాయి. మళ్ళీ పరుపులు డాబా ఎక్కాయి, దుప్పట్లు మరిగాయి. ఈసారి మోసింది జగన్నాధమే, కిక్కురుమనకుండా. పిడకలు ఇప్పుడు డాబా మీద ఎండలోనే ఉంటున్నాయి, కావలసినవాళ్ళకి అప్పటికప్పుడు వెదురుతట్టలో ఇస్తున్నారు. రథసప్తమికి రెండురోజుల ముందు మళ్ళీ దీపాలు పెట్టారు. ఏడు పళ్ళాల్లోనూ ఉత్త నీళ్ళే.

రథసప్తమి ముందురోజు సాయంత్రానికి వీధంతా జనం. జిల్లేడాకులమ్మేవాళ్ళు, రేగుపళ్ళమ్మేవాళ్ళు, హారన్లు కొట్టే ఆటోలు. ఐదు గదులు నిండాయి. వాటిలో రెండింట్లో చంటిపిల్లలు. మూడో నంబరు ఆయన మాత్రం ఒకరోజు ముందే దిగి ఉన్నాడు. ఆ భావనారాయణ మాష్టారు బజారు తిరిగి వచ్చి, ఏదో పోగొట్టుకున్నవాడిలా కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

"జగన్నాధం గారూ, రాత్రంతా చూశాను. ఈసారి దురద రాలేదేమిటి? స్వామికి నా మీద దయ తప్పిందా?"

ఈశ్వరి మొగుడి వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. నిజం చెబితే మాష్టారి మనసు ఎంత నొప్పి పడుతుందో కూడా తెలుసు. జగన్నాధం గొంతు సవరించుకున్నాడు.

"మాష్టారూ, అప్పుడు మీకు దురద తెచ్చింది దేవుడు కాదండి. నానండి. నా పిడకల సంచిలో కుక్కపేలున్నాయండి. తెలీక మీ మంచం కాడ ఎట్టీసాను. తప్పయిపోనాది."

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. ఈశ్వరి మేనేజరు వైపు చూసింది. ఇప్పుడాయన అరుస్తాడు, వీధిలో జనమంతా వింటారు, అంతా వేలెత్తి చూపేది మళ్ళీ మేనేజరునే.

"పేలా?" అన్నాడాయన. "నేను పదిమందికి చెప్పానయ్యా. మా వీధి అరుగు మీద దాని మీద ఒక పద్యం కూడా చదివాను." తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మరి వాటిని పోగొట్టిందెవరు?" అని అడిగాడు.

జగన్నాధం ముందు పెళ్ళాం వైపు చూపించాడు. తర్వాత వంగి, కౌంటరు పక్కన కూర్చున్నదాని తల మీద చెయ్యి వేశాడు. "మా ఈశ్వరండి. పట్టించింది మాత్రం ఈ మేనేజరు గారు. సెలవు మీద ఎల్లి పట్టించారు."

సరిగ్గా అప్పుడు మేనేజరు వెనక్కాలు పైకెత్తింది.

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. జగన్నాధం కళ్ళు మూసుకుని స్వామిని తలచుకున్నాడు. మేనేజరు ఆ కాలిని తాపీగా వెనక్కి చాపింది, రెండోది చాపింది, ఆవులించి ఒళ్ళు విరుచుకుంది. మాష్టారి చేతిలో మూడో నంబరు తాళం చూసుకుని, తోక ఊపుకుంటూ ఆయన ముందు నడిచింది.

"రైట్ రైట్!" అన్నాడు జగన్నాధం, వీధి చివరిదాకా వినపడేటట్టు.